వాలు లేని పైపు

పైపుల మేస్త్రీ తన మనుషుల్ని వెంటేసుకుని సైటు వదిలి వెళ్ళిపోవడం దగ్గర పోయిన వారం ఆగాం. అందరి ముందూ మాట పడ్డాడు కాబట్టి వెళ్ళాడు. ఆ మాట అన్నది అక్క. కొత్త ఆసుపత్రి భవనంలో మూడో అంతస్తుకు ఆమే ఇంజనీరు. మురుగునీటి పైపు వెళ్ళి గాలి డక్టులకు తగలడంతో ఎక్కించిన డక్టులన్నీ దించాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ఆ అంతస్తు కదల్లేదు. సోమవారం కట్టించేవాళ్ళ కమిటీ కూర్చుంటోందనీ, ఆలస్యం ఎక్కడ పుట్టిందో వాళ్ళకి తెర మీద చూపించాలనీ, అందుకో సినిమా తయారు చెయ్యమనీ మేనేజరు తమ్ముడికి చెప్పాడు. భవనాన్ని ముందుగా కంప్యూటర్లో కట్టి చూపించే పని తమ్ముడిది. ఆ సినిమా చేస్తుండగా శనివారం మధ్యాహ్నం తన మోడల్లో ఒక పైపు మీద అతని చూపు ఆగింది. చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున అక్క ఫోన్ చేసింది.

"తిన్నావా?"

"ఆఁ."

"ఏం తిన్నావో చెప్పు చూద్దాం."

అతను స్టవ్ మీది ఖాళీ గిన్నె వైపు చూశాడు.

"అబద్ధం ఆడ్డం కూడా చేతకాదు నీకు. సరే, ట్యాబ్ తీసుకుని సైటుకి రా. ఇవాళ ఎవరూ ఉండరు. నీతో చిన్న పనుంది."

బస్సులో అతను చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. చెప్పాలనే నిశ్చయించుకున్నాడు, అందులో సందేహం లేదు. కాని కూర్చుకున్న ప్రతిసారీ ఆ మాటల్లోంచి తను మెల్లగా జారిపోతున్నాడు. మా ఆఫీసులో అందరూ ఇలాగే గీస్తారు అని మొదలుపెడితే తప్పు ఆఫీసుదయింది. టైము ఇవ్వలేదు అని మొదలుపెడితే మేనేజరుదయింది. చివరికి నేను అని మొదలుపెట్టి చూశాడు. పక్కనున్నావిడ ఇటు తిరిగి చూసింది. పైకి అన్నాడేమో తెలియదు. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

సినిమా పూర్తయిపోయింది కూడా. అందులో భవనం నేలలోంచి లేస్తుంది. అనుకున్న వేళకి అయిన భాగం ఆకుపచ్చగా, వెనకబడింది ఎర్రగా కనబడుతుంది. అంతా పచ్చగా లేచి లేచి, మూడో అంతస్తు నడవా దగ్గరికి వచ్చేసరికి ఎర్రబడుతుంది. నిన్న సాయంత్రమంతా అతను కూర్చుని చేసింది ఆ ఎరుపును మార్చడం. మొదటిది మరీ గాయంలా ఉందనిపించింది. కొంచెం తగ్గించాడు. ఇటుక రంగుకి తెచ్చాడు. కమిటీ ముందు అక్క మనసు నొచ్చుకోకూడదు కదా అనుకున్నాడు. ఆ రంగు దిద్దుతున్నంతసేపూ తను మంచి తమ్ముణ్ణనే అనిపించింది. ఇప్పుడది గుర్తొస్తే చెవులు వేడెక్కుతున్నాయి.

గేటు దగ్గర వాచ్‌మన్ హెల్మెట్ అందిస్తూ, "మేడమ్ పొద్దున్నే వచ్చేశారు బాబూ. ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికే మారిపోతారా ఏంటి?" అన్నాడు.

మూడో అంతస్తు నడవాలో దించిన డక్టులు గోడవారగా పేర్చి ఉన్నాయి. కొన్నిటి అంచులు దించేటప్పుడు వంగిపోయాయి. పైన మురుగు పైపు సగందాకా వేలాడుతోంది. మేస్త్రీ పని ఆపేసిన చోట దాని మూతికి ప్లాస్టిక్ కవరు చుట్టి దారం కట్టి ఉంది. కోపంతో వెళ్ళిపోతూ కూడా కట్టి వెళ్ళాడన్నమాట. ప్రతి స్తంభం మీదా నడుమెత్తున ఒక ఎర్రటి గీత ఉంది. ఆ అంతస్తులో కొలతలన్నిటికీ అదే మొదలు. ఎర్రపొడి దారం లాగి అది కొట్టింది అక్కే.

ఆమె నిచ్చెన మీద ఉంది. జుట్టులో పెన్సిలు, వేళ్ళకి ఎర్రపొడి.

"వచ్చావా? ఆ టేపు చివర పట్టుకో. ఇంకా కిందికి. ఆఁ, చాలు."

కొలిచింది. అంకె చూసింది. పెదవి కొరుక్కుని, మళ్ళీ కొలిచింది.

"ఏమైంది?" అన్నాడతను. ఏమైందో తెలిసిన మనిషి ఆ ప్రశ్న ఎంత సులువుగా అడగగలడో వింటూ అన్నాడు.

"అదే అర్థం కావట్లేదు. డక్టుల్ని వేలాడదీసే హ్యాంగర్లు కొలిచాను, డ్రాయింగులో ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. పైపు మొదలు కొలిచాను. అదీ అక్కడే ఉంది. రెండూ సరిగ్గా ఉంటే గుద్దుకోవడం ఏమిటి? ఒకటైనా తప్పవ్వాలి కదా." నిచ్చెన దిగి స్తంభం దగ్గరికి వెళ్ళి గీత మీద అరచెయ్యి పెట్టింది. "నాకు ఒక్కటే తోస్తోంది. ఇది. ఇదే తప్పు కొట్టి ఉంటాను. ఇది తప్పయితే దీన్నుంచి కొలిచినవన్నీ తప్పే, కాని చూస్తే సరిగ్గా ఉన్నట్టే కనబడతాయి. పొద్దున్నుంచీ కొలుస్తున్నానురా. సరిపోతుంది. నిచ్చెన దిగేసరికి మళ్ళీ అనుమానం. ఇన్నేళ్ళు సైట్లమీద తిరిగి నాకిప్పుడు టేపు చూడటం రావడం లేదు."

నవ్వడానికి ప్రయత్నించింది. అక్క అలా నవ్వడం అతను ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఏది పగిలినా ఎవరు పగలగొట్టారని అడిగే గొంతు ఆమెది. ఇప్పుడా గొంతు తనలో తనే తప్పు వెతుక్కుంటోంది.

"రేపు వాళ్ళేం చేస్తారు?" అన్నాడు.

"చేసేదేముంది, దించేస్తారు. ఆఫీసులో ఓ మూల కుర్చీ వేసి కాగితాలు చూసుకోమంటారు. ఇంకో సైటు మాత్రం జన్మలో ఇవ్వరు. ఆడమనిషికి ఇలాంటి పనెందుకని మొదట్లో అన్నవాళ్ళందరి నోళ్ళూ ఒకేసారి లేస్తాయి. అది కాదు నా బాధ. తప్పు చేసి ఉంటే దిగిపోతాను. ఏం తప్పు చేశానో తెలియకుండా దిగిపోవడమే..." ఆగింది. "అందుకే నిన్ను రమ్మన్నాను. నీ మోడల్ పెట్టుకుని నాతో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడువు. నా తప్పెక్కడుందో చూపించు. రేపు వాళ్ళ నోట వినేముందు నీ నోట వింటే నయం."

ట్యాబ్ అతని చంకలో ఉంది. తియ్యాలి. చెయ్యి రాలేదు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. చేతులకి పొడి ఉందని స్పీకర్లో పెట్టింది. అవతల బావ.

"ఇంజనీరమ్మగారూ, భోజనానికి వస్తున్నారా, అక్కడే సిమెంటు కలుపుకుని తినేస్తున్నారా?"

"వస్తాం. వీడు కూడా ఉన్నాడు."

"ఓహో, బామ్మర్దీ! నీ కంప్యూటర్లో మా ఇంటికి దారి చెరిగిపోయిందా ఏంటి, అసలు కనబడ్డం మానేశావ్?"

"లేదు బావా, పని..."

"పన్లు మాకూ ఉన్నాయిలే. ఇదిగో, చెప్తున్నా విను. రేపు మీ అక్కని గట్టెక్కించాల్సింది నువ్వే. రెండు రోజులుగా ఇంట్లో కూడా టేపు పట్టుకు తిరుగుతోంది. నిన్న తలుపు కొలిచింది. నన్ను కొలిచేలోగా ఏదో ఒకటి చెయ్యి బాబూ."

అక్క ఈసారి నిజంగానే నవ్వి ఫోన్ కట్టేసింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద కాస్త ఎక్కువసేపు మిగిలిపోయింది. దాన్ని ఎలా తీసెయ్యాలో తెలియలేదు.

"తియ్యి ట్యాబ్," అంది అక్క.

తీశాడు. మోడల్ తెరుచుకుంది. తెర మీద అదే నడవా. దుమ్ము లేదు, వంగిన అంచులు లేవు, డక్టులు నీలంగా, పైపులు ఆకుపచ్చగా, ఒకదాన్నొకటి ముట్టుకోకుండా సాగిపోతున్నాయి.

"ఎంత ముచ్చటగా ఉందో చూడు," అంది ఆమె, అతని భుజం మీంచి తొంగిచూస్తూ. "ఇలా కట్టలేకపోయాను."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ మాట తర్వాత వచ్చిన నిశ్శబ్దం అందుకు సరిపడేంత ఉంది. దాన్ని అతను తెరను అటూ ఇటూ జరుపుతూ నింపేశాడు.

"బాత్రూముల దగ్గర మొదలవుతుందిగా పైపు, అక్కడ ఎత్తెంత?"

పైపు మీద వేలు పెట్టాడు. అంకె వచ్చింది. చదివాడు. ఆమె పైకి చూసి తల ఊపింది. ఇద్దరూ నడిచారు. నడవా ఆ చివర, పైపు గోడలోకి దూరి కిందికి దిగిపోవాల్సిన చోట ఆగారు.

"ఇక్కడెంత?"

వేలు పెట్టాడు. అబద్ధం చెప్పడానికి ఏ అడ్డూ లేదు. నోటికి వచ్చిన ఏ అంకె చెప్పినా ఆమె నమ్మేస్తుంది. ఎర్రగీత మీద ఇంకో అనుమానం వేసుకుని ఇంటికి వెళ్తుంది. ఆ సులువు చూసి అతనికి భయం వేసింది.

"అదే," అన్నాడు.

"అదే అంటే?"

"అదే అంకె అక్కా."

ఆమె ట్యాబ్ తీసుకుంది. పొడి వేలితో ఈ చివర తాకింది. తెర జరిపి ఆ చివర తాకింది. మళ్ళీ ఈ చివర. తెర మీద ఎర్రటి వేలిముద్రలు పడ్డాయి. ఆమె పైకి చూసింది, మేస్త్రీ కట్టిన పైపు వాలుగా దిగుతూ వచ్చి మధ్యలో ఆగిపోయిన చోటికి. తర్వాత తెరలోకి చూసింది. అక్కడ పైపు బల్లపరుపుగా ఉంది.

"ఇందులో నీళ్ళు ఎటు పోతాయిరా?"

అతను తెర మీది వేలిముద్రల్ని చూస్తూ నిలబడ్డాడు.

"చెప్పు. ఎటు పోతాయి?"

"ఎటూ పోవు."

"వాలు ఏదీ?"

"తర్వాత ఇద్దామనుకున్నాను. వాలుతో గీస్తే మలుపుల దగ్గర అతుకులు ఊడిపోతుంటాయి. ఒకటి కదిపితే అన్నీ కదుల్తాయి. అందుకని ముందు సమంగా గీసేసి, అన్నీ ఎక్కడివక్కడ కుదురుకున్నాక వాలిస్తాం. ఆఫీసులో అందరం..." బస్సులో కూర్చుకున్న మాటలే. వినడానికి అక్కడికంటే ఇక్కడ ఇంకా చిన్నవిగా ఉన్నాయి.

"మరి ఇది డక్టుకి తగులుతుందని ఎర్రగా చూపించాలి కదా నీ కంప్యూటరు?"

"సమంగా ఉంటే తగలదు. దాని కిందనుంచి వెళ్ళిపోతుంది డక్టు."

"వాలిస్తే?"

"తగుల్తుంది."

"ఎప్పుడు చూశావ్?"

"నిన్న."

"మర్చిపోయావా?"

అతను అవునన్నట్టు తల ఊపాడు.

నిన్న చూశాడన్నది నిజమే. మర్చిపోయాడన్నది కాదు. మోడల్లో రెండు వస్తువులు ఒకే చోటికి వస్తే కంప్యూటరు ఎర్రగా చూపిస్తుంది. వారం వారం మీటింగులో ఆ ఎర్రచుక్కలు ఎన్ని తగ్గాయో చూసి మెచ్చుకోవడమో, చీవాట్లు పెట్టడమో జరుగుతుంది. మూడో అంతస్తులో ఒక్క చుక్కా లేకుండా తెర పెట్టిన రోజున మేనేజరు చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. ఏ పనిలోనూ కుదురుకోక ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నవాడికి, అక్క చెప్పిన మాట మీద ఉద్యోగం వచ్చినవాడికి, ఒక గదినిండా మనుషులు చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. బల్లకి అటువైపు కూర్చున్న అక్క అందరికంటే చివర్న ఆపింది. వాలు ఇంకా ఇవ్వలేదని అతనికి అప్పుడు తెలుసు. ఇస్తే ఎరుపు మళ్ళీ వస్తుందనీ తెలుసు. వచ్చేవారం ఇస్తాను అనుకున్నాడు. ఆ వచ్చేవారం తెర చూసి ఎవరో 'నీట్' అన్నారు. తర్వాత ఆ పైపు ఉన్న మూలకి వెళ్ళడం మానేశాడు. ఇంట్లో ఒక గదిలోకి వెళ్ళడం మానేసినట్టు మానేశాడు. ఈలోగా డ్రాయింగులు సైటుకి వెళ్ళిపోయాయి. పక్కన మామూలుగా రాసే మాట రాసి ఉంది, పైపుకి తగినంత వాలు ఇవ్వవలెనని. మేస్త్రీ ఇచ్చాడు.

అక్క ట్యాబ్ ఒక డక్టు మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది. రేకు చప్పుడు చేసింది.

"ఇప్పుడు తిట్టు," అన్నాడతను.

"అన్నీ అనుమానించానురా," అంది ఆమె నేలకేసి చూస్తూ. "డక్టులవాళ్ళని అనుమానించాను. మేస్త్రీని అనుమానించాను. నా గీతని, నా కళ్ళని అనుమానించాను. నువ్వు గీసింది ఒక్కటే అనుమానించలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే దాని వెనక నిలబడి తను కూడా కాస్త కోపం తెచ్చుకునేవాడు.

"ఆయన్ని ఎంత మాటన్నాను," అంది తర్వాత. మొదట అతనికి ఎవర్ని గురించో అర్థం కాలేదు. "నీళ్ళు ఎటు పారతాయో తెలియనివాడివి పైపుల పనికి ఎందుకొచ్చావన్నాను. పక్కనే ఆయన అల్లుడు నిలబడి ఉన్నాడు, పిల్లనిచ్చిన మామగారి ముఖం చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అది చూసి కూడా ఆపలేదు. నాకెందుకో ఆవేళ ఇంకా అనాలనే అనిపించింది."

అతను సిగ్గుతో ముడుచుకుపోయాడు. నిన్నటినుంచి తన తప్పు చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు, తను ఏమవుతాడు, అక్క ముందు ఏమవుతాడు అని. ఆ మేస్త్రీ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"రేపు నేనే చెప్తాను అక్కా. కమిటీ ముందు."

అన్నాడు గాని, ఆ మాట చివర కొద్దిగా లేచింది. అది ప్రశ్నలా వినబడింది.

ఆమె వేళ్ళ పొడి ప్యాంటుకి తుడుచుకుంది. "చెప్తే రేపటితో నీ పని అయిపోతుంది. ఇక్కడే కాదు, ఇంకెక్కడా పెట్టుకోరు. నిన్ను తెచ్చింది నేనని అందరికీ తెలుసు. తమ్ముడు గీస్తే తిరుగుండదని ఊరంతా డప్పు కొట్టింది నేనేగా. నీది తప్పంటే నాదీ తప్పే. నేను ఒక్కదాన్ని దిగిపోతే సరిపోయేదానికి ఇద్దరం ఎందుకు?" లేచి నిలబడింది. "నువ్వేం చెప్పొద్దు. నా గీత తప్పిందని చెప్తాను."

ఆ మాట వినగానే అతని భుజాలు కిందికి దిగాయి. అతను దించలేదు, అవే దిగాయి. నిన్నటినుంచి బిగబట్టి ఉన్న ఊపిరి బయటికి వచ్చింది. చప్పుడుతో వచ్చింది. ఖాళీ నడవాలో అది వినబడింది.

అక్క చూసింది.

ఆ చూపు ఎంతోసేపు లేదు. వెంటనే టేపు చుట్టే పనిలో పడిపోయింది. కాని ఇంతవరకూ జరిగినవన్నీ, వాలు లేని పైపు, చప్పట్లు, ఇటుక రంగు ఎరుపు, అన్నీ కలిపినా ఆ ఊపిరి అంత సిగ్గు పెట్టలేదు అతనికి. తప్పు చేసినవాడు దొరికిపోతే తలదించుకోవచ్చు. తనకి బదులు ఇంకొకరు దొరికిపోతానంటే హాయిగా ఊపిరి తీసుకున్నవాడు ఏం దించుకోవాలి?

"గేటు తీసే ఉంటే దొంగలు పడ్డారేమో అనుకున్నాను," అంది మెట్ల మీంచి ఒక గొంతు. "మీరా మేడమ్! ఫరవాలేదు, దొంగలు కారు."

పైపుల మేస్త్రీ. ఆదివారపు ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. హెల్మెట్ పెట్టుకోలేదు, ఇక్కడి రూళ్ళు ఇక తనకి వర్తించవన్నట్టు.

"నా డ్రిల్లు తీసుకెళ్దామని వచ్చాను. ఆ నిచ్చెన కూడా నాదే. పొద్దున్నుంచీ ఎక్కి దిగుతున్నట్టున్నారు, అద్దె అడగను లెండి." ఆమె పక్కనున్నవాణ్ణి చూసి, "ఓ, బొమ్మలాయన కూడా ఉన్నాడే. బొమ్మ క్షేమమేనా బాబూ?" అన్నాడు.

అక్క మేస్త్రీ దగ్గరికి నడిచి వెళ్ళింది.

"మేస్త్రీగారూ, ఆవేళ నేనన్న మాట తప్పు. మీ అల్లుడి ముందు అనడం ఇంకా తప్పు. అతని ముందే మళ్ళీ చెప్తాను, మీరు తీసుకురండి."

మేస్త్రీ ఇంకో వెటకారానికి సిద్ధంగా ఉన్నాడు. అది నోట్లోనే ఉండిపోయింది. మెడ గోక్కున్నాడు. "ఏదో లెండి మేడమ్. పనిలో కేకలు మామూలే. వాడు నాలుగు రోజులుగా నాకంటే నెమ్మదిగా మాట్లాడుతున్నాడు, జబ్బుమనిషితో మాట్లాడినట్టు. అదే కొంచెం..." ఆగి, గొంతు మార్చి అడిగాడు. "అంటే, వాలు నేను సరిగ్గానే పెట్టానంటారా?"

"సరిగ్గానే పెట్టారు."

"మరి తప్పెవరిది?"

తమ్ముడు అక్కడే ఉన్నాడు. చెయ్యి చాస్తే ఇద్దరికీ తగిలేంత దగ్గర్లో ఉన్నాడు. అతని నాలుక నోట్లో కదిలింది.

"నాది," అంది అక్క. "గీత తప్పు కొట్టాను."

మేస్త్రీ ఆమెను చూసి, గీతను చూసి, తర్వాత దించిన డక్టుల మీద కూర్చున్నాడు.

"మీరంత మాట ఒప్పుకున్నాక నేను దాచడం బాగుండదు. డక్టులు ఎక్కిస్తున్న రోజునే చూశాను మేడమ్. ఇక్కడికొచ్చేసరికి నా పైపుకి అడ్డమొస్తుందని తెలుసు. చెప్పలేదు. అంతకుముందు కింది అంతస్తులో ఏదో చెప్పబోతే, మోడల్లో లేదుగా, నీకెందుకు అన్నారు మీవాళ్ళు. అందుకని ఈసారి ఉక్రోషంతో నోరు మూసుకున్నాను. తగిలాక చూద్దాం వీళ్ళ సంబడం అనుకున్నాను. తగిలింది. నేనే ఇరుక్కున్నాను." నవ్వబోయి మానేశాడు. "నా పని నేను చేశానని చెప్పుకుంటాను గాని, ఆ రోజున ఒక్క కేక వేసి ఉంటే ఇవాళ ఇవన్నీ పైనే ఉండేవి."

ఇద్దరూ ఒకరికొకరు చెప్పేసుకున్నారు. ఆ నడవాలో చెప్పనివాడు ఒక్కడే మిగిలాడు.

"అసలు సంగతి ఇంకోటుంది," అన్నాడు మేస్త్రీ లేస్తూ. "మేనేజరు ఫోన్ చేశాడు. రేపు కమిటీ ముందుకి నన్నూ రమ్మన్నాడు. ఎవరివల్ల ఆగిందో ఉన్నదున్నట్టు చెప్తే పని మళ్ళీ నీకే అన్నాడు. పోవాలా మానాలా అని కొట్టుకుంటున్నాను. మీరు నన్ను తిట్టారు గాని, మీ మీద చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పుడు మీ అంతట మీరే అంటున్నారు కాబట్టి..." ఆగాడు. "చెప్పమంటారా మేడమ్?"

"చెప్పండి. మీ పని మీకు రావాలి."

"మీరు చెప్పమంటే చెప్తాను. కాని అంతమంది పెద్దవాళ్ళ ముందు మీరు మాట మార్చేస్తే నా గతేంటి? ఏమనుకోకండి, ఇంజనీర్లతో చాలా పడ్డాను." తమ్ముడి వైపు తిరిగాడు. ఇప్పుడు ఆ ముఖంలో ఎగతాళి లేదు. "బాబూ, నువ్వు విన్నావుగా. గీత తప్పని మేడమ్ నీ ముందే అన్నారు. రేపు నేను ఆ మాట చెప్తే, అవును, నేనూ విన్నాను అంటావా?"

అక్క అతనివైపు చూడలేదు. స్తంభం మీది తన గీతనే చూస్తోంది.

ఒప్పుకోవద్దని ఆమె చెప్పింది. తను చెయ్యాల్సిందల్లా ఆమె చెప్పినట్టు చెయ్యడమే. ఆలోచన ఇంకా అక్కడే ఉండగా జవాబు బయటికి వచ్చేసింది. దానికి ఏ తడబాటూ లేదు.

"అంటాను," అన్నాడు.

మేస్త్రీ సరేనని తల ఊపి, డ్రిల్లు సంచీలో వేసుకుని, నిచ్చెన మడిచి భుజాన పెట్టుకున్నాడు. మెట్లు దిగుతుంటే నిచ్చెన గోడకి తగిలిన చప్పుడు కింది అంతస్తుదాకా వినబడుతూనే ఉంది. తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఏదో అని నవ్వాడు. తర్వాత ఏమీ వినబడలేదు.

అక్క గీతని వదిలి అతనివైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం కోసం వెతికాడు, జాలి కోసం వెతికాడు. రెండూ లేవు. టేపులో అంకె చూసేటప్పటి చూపు అది, ఒకసారి కొలిచి, సరిపోక, రెండోసారి కొలవబోయేటప్పటిది.

"ఒరేయ్," అంది. "ఆ వాలు సంగతి నువ్వు నిజంగానే మర్చిపోయావా?"